జపాను మేడం మోకాలు

మా బడికి నీళ్ల ట్యాంకు కట్టించిన కంపెనీవాళ్లు ప్రారంభోత్సవానికి వచ్చిన రోజు, నేను తన్నిన బంతి సరిగ్గా పోకూడని చోటికే పోయింది. స్వాగతగీతం పాడే పిల్లల్ని వేదిక దగ్గర నిలబెట్టి, గొంతు బాగాలేని మాబోటివాళ్లను మైదానం చివరికి తరిమేశారు. చప్పుడు చెయ్యకుండా ఆడుకోమన్నారు. హెడ్మిస్ట్రెస్ మైకు ముందు ధన్యవాదాలు చెబుతుండగా బంతి ఒక రాయికి తగిలి దిక్కు మార్చుకుని, వేదిక మీదికి ఎగిరి చివరి కుర్చీ వైపు దూకింది. ఆ కుర్చీలో కంపెనీ ఇంజనీరుగారి భార్య కూర్చుని ఉంది. జపాను ఆవిడ. ఎవరో కట్టిన పట్టుచీరలో, ఎటు కదిలితే ఎక్కడ ఊడుతుందో అన్నట్టు బిగుసుకుపోయి ఉంది. నాకు పై ప్రాణం పైనే పోయింది.

ఆవిడ లేచి నిలబడింది. చెప్పు విడిచి, కుచ్చిళ్లు ఒక చేత్తో పైకి పట్టుకుని, అరికాలితో బంతిని ఆపింది. తలెత్తి మా గుంపునంతా ఒకసారి చూసింది. తర్వాత పాదం లోపలి వైపుతో తన్నింది. బంతి నేల మీదే జారుకుంటూ ఇద్దరమ్మాయిల మధ్య నుంచి వచ్చి నా కుడికాలి ముందు ఆగింది. వేదిక మీద పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు. ఆవిడ నవ్వలేదు. నా కాళ్ల వంకే చూస్తోంది. నాకు తిట్లు తప్పవనే భయం తప్ప ఇంకేమీ తోచలేదు.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. మాది గౌలిపుర. బాపుకు బర్రెలుండేవి. పొద్దున్నే పాలు పిండి, క్యాన్లు మోపెడ్‌కు తగిలించుకుని, లాడ్ బజార్ చుట్టుపక్కల చాయ్ హోటళ్లకు పోసి వచ్చేవాడు. అంతకుముందు తొంభైలలో, నేను బాగా చిన్నగా ఉన్నప్పుడు, మా అన్నలు కొట్టం వెనక సందులో బంతి ఆడేవాళ్లు. సందుకు ఒక కొసన బర్రెలు, ఇంకో కొసన పక్కింటివాళ్ల కిటికీ అద్దం. బంతి ఏ వైపు గట్టిగా పోయినా వీపు పగిలేది. అందుకని నన్ను మధ్యలో నిలబెట్టేవాళ్లు, అటూ ఇటూ పోకుండా ఆపడానికి. నా ఆట అట్లా భయంతోనే మొదలైంది. అమ్మ నన్ను "ఫికర్ల పుట్ట" అనేది. పరీక్షకు ముందు, పెళ్లికి పోయేముందు, ఆఖరికి ఇంటికి చుట్టాలొస్తున్నారన్నా నాకు కడుపులో తిప్పేది.

వారం తిరిగేసరికి ఆ జపాను ఆవిడ మళ్లీ బడికొచ్చింది. ఈసారి చీర లేదు. ట్రాక్ ప్యాంటు, చొక్కా, టోపీ. వెంట మా ఇంగ్లీషు టీచరు ఉంది. టీచరుది కోస్తా. భర్త ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి, పిల్లలతో కూడా నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడేది.

"ఈవిడ ఫుట్‌బాల్ ఆడేవారటమ్మా. వాళ్ల దేశం జట్టులో కూడా ఆడారట, మిడ్‌ఫీల్డర్‌గా. వారంలో మూడు రోజులు వచ్చి మీకు నేర్పుతానంటున్నారు. మరి మీ ఇళ్లల్లో ఒప్పుకుంటారా?"

ఒకరి వెనక ఒకరం దాక్కుని నవ్వాం. ఆవిడ ఆ నవ్వే ఒప్పుకోలు అనుకున్నట్టుంది, జేబులోంచి ఈల తీసింది.

మేం ఆమెను జపాను మేడం అనేవాళ్లం. మొదట్లో ఇంగ్లీషు టీచరు పక్కన నిలబడి ఆమె మాటలు మాకు చెప్పేది. కొన్నాళ్లకు ఆ అవసరం తగ్గింది. మేడం మా నోటి తెలుగునే ఏరుకుని మాట్లాడసాగింది. టీచరు ఎంత చక్కటి తెలుగు నేర్పినా, మేడం నోట్లోంచి మా గల్లీ తెలుగే వచ్చేది. అందులో ఆమె అన్నిటికంటే ఎక్కువగా వాడిన మాట "ఎనకకు జూడు". బంతి కాలి దగ్గరికి రాకముందే భుజం మీదుగా వెనక్కి చూడాలి. మీదికి ఎవరొస్తున్నారో, మనవాళ్లలో ఎవరు ఖాళీగా ఉన్నారో ముందే తెలిసి ఉండాలి. నెలల తరబడి ఆ ఒక్క పనే చేయించింది. మిగతా పిల్లలు విసుక్కునేవాళ్లు. నాకది కొత్త కాదు. పుట్టినప్పటినుంచీ నేను వెనక్కి చూస్తూనే ఉన్నాను.

ఒకరోజు పక్క బడితో ఆట ఉందనగా గోడవార కడుపు పట్టుకుని కూర్చున్నాను. మేడం వచ్చి పక్కన కూర్చుంది.

"కడుపు నొప్పా?"

"కాదు మేడం. ఫికర్."

"ఫికర్ అంటే ఏంది?"

గుండె మీద చెయ్యి పెట్టి దడదడ కొట్టుకోవడం చూపించాను. కళ్లు అటూ ఇటూ తిప్పాను. ఆమె ఫక్కున నవ్వి, తన పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

"నాకు గూడ గిదే. ప్రతి మ్యాచ్. మిడ్‌ఫీల్డర్‌కు ఫికర్ మంచిది. ముందల ఫికర్, ఎనక ఫికర్. గందుకే అన్ని దిక్కులు చూస్తది."

నా జబ్బు కూడా ఒక పనికి పనికొస్తుందని చెప్పిన మొదటి మనిషి ఆమె.

ఆమె కథ మాకు ఒక్కసారిగా తెలియలేదు. ట్యాంకు దగ్గర కాళ్లు కడుక్కుంటూ కొంత, కారు కోసం గేటు దగ్గర నిలబడి కొంత చెప్పేది. మాటలు దొరక్కపోతే టీచరును పిలిచేది. సముద్రం ఒడ్డున చిన్న ఊరు. అమ్మాయిలకు జట్టు లేదని మగపిల్లల జట్టులో ఆడింది, ఎదుటివాళ్లు గుర్తుపట్టకుండా జుట్టు పొట్టిగా కత్తిరించుకుని. చదువు అవగానే ఒక కంపెనీ తన జట్టులోకి తీసుకుంది. పొద్దున ఆఫీసులో కాగితాలు సర్దడం, మధ్యాహ్నం నుంచి మైదానం. తొంభైల మొదట్లో వాళ్ల దేశంలో ఆడవాళ్ల ఆటకు మంచి రోజులట. దేశం జట్టు నుంచి పిలుపొచ్చింది. ఆ చొక్కా మొదటిసారి వేసుకున్న రోజున స్నానాలగదిలో గడియపెట్టుకుని కూర్చుందట, ఫికర్‌తో.

తర్వాత ఒక మ్యాచులో, చుట్టుపక్కల ఎవరూ లేని చోట, ఊరికే మలుపు తిరగబోతే కుడి మోకాలి లోపల పుటుక్కుమంది. ఆపరేషను, చంకకర్రలు, మళ్లీ పసిపిల్లలా నడక నేర్చుకోవడం. ఇక మైదానంలోకి దిగొచ్చనే సమయానికి కంపెనీకి రోజులు బాగాలేక జట్టునే ఎత్తేశారు. మేనేజరు అందరినీ క్యాంటీనులో కూర్చోబెట్టి, తల వంచి, మన్నించమన్నాడట. మిగతా ఆటగత్తెలు కొందరు వేరే జట్లకు పోయారు. మోకాలు కోయించుకున్న మనిషిని ఎవరూ అడగలేదు. పెళ్లయింది. భర్త ఉద్యోగం వెంట హైదరాబాదు వచ్చింది.

ఇదంతా మేం నమ్మాం. మా ఇళ్లలో నమ్మలేదు. ఎందుకంటే మేడం ఎన్నడూ పరుగెత్తేది కాదు. నిలబడే బంతి అందించేది, నడుస్తూనే చూపించేది. బంతి దూరంగా పోతే మాలో ఎవరో ఒకరం తెచ్చివ్వాల్సిందే.

"గామె నిజంగనే ఆడిందా?" అని అమ్మ అడిగింది. "దేశానికి ఆడినామె ఒక్కనాడన్న ఉరుకంగ చూసినవానే?"

"మోకాలికి ఆపరేషన్ అయ్యిందమ్మా."

"అయితే మానదా ఏంది, ఇన్నేండ్లా? ఏమో, నాకైతే అనుమానమే. రేపు నీకు గూడ గట్లనే అయితే?"

ఆమె అనుమానాన్ని నేను పట్టించుకోలేదు. చివరి మాట మాత్రం నన్ను పట్టుకుంది. ఆ రోజు నుంచి ఒక్కసారిగా పక్కకు తిరిగినప్పుడల్లా నా చెవి నా మోకాలి దగ్గరే ఉండేది, లోపల ఏం చప్పుడవుతుందోనని.

నేను పదో తరగతికి వచ్చిన ఏడాది ఆషాఢంలో, మేడం సికింద్రాబాదులోని ఒక క్లబ్బు అమ్మాయిలతో మాకు మ్యాచు కుదిర్చింది. మాకంటే పెద్దవాళ్లు, రోజూ ఆడేవాళ్లు. మొదట అనుకున్న ఆదివారం సికింద్రాబాదులో లష్కర్ బోనాలు కనక వాళ్లు వద్దన్నారని, తర్వాతి ఆదివారానికి ఒప్పుకుంది. ఊరంతటికీ బోనాలు ఒక్కరోజే అనుకుంది పాపం. తర్వాతి ఆదివారం పాతబస్తీ బోనాలు. ఆ సంగతి మాకు తెలుసు, కానీ ఆమె అంత సంబరంగా చెబుతుంటే ఎవరికీ నోరు పెగల్లేదు. శనివారం సాయంత్రం దాకా ఇంట్లో చెప్పడానికి ధైర్యం చాలక, నేను కొట్టంలో బాపు పక్కన ఊరికే తచ్చాడాను.

"ఏంది బిడ్డా, ఏమన్న చెప్పేదుందా?"

"రేపు మ్యాచుంది బాపు. సికింద్రాబాదుల."

"రేపా? రేపు బోనాలని యాదున్నదా?"

"మేడంకు తెల్వదు బాపు. లష్కర్‌ల అయితే అందరియి అయిపోయినయనుకున్నది."

బాపు నవ్వాడు. అమ్మ నవ్వలేదు. "ఇంటి ఆడపిల్ల బోనంనాడు బురదల బంతి తంతదా? అందరు ఏమనుకుంటరు?" అని గట్టిగానే అంది. బాపు బర్రె మెడ గోకాడు. "బోనం ఎత్తేది పగటాల్ల గద. పొద్దుగాల నేనే తీస్కపోత, నేనే తీస్కొస్త. మీ మేడం ఒక్కతే ఆడ నిలబడితే మంచిగుంటదా?" అన్నాడు.

తెల్లారేసరికి వాన. క్యాన్లు దించేసిన మోపెడ్ మీద బాపు వెనక కూర్చుని పోతుంటే, పాతబస్తీ దాటేదాకా వేపకొమ్మలు కడుతున్నవాళ్లు మా వంక చూశారు. మైదానం చేరేసరికి నా భయమే నిజమైంది. నలుగురు రాలేదు. వాళ్ల ఇళ్లలో పంపలేదు. తొమ్మిది మందిమే మిగిలాం.

వాళ్ల కోచ్ పెద్దవయసాయన. "తొమ్మిదిమందితోటి ఏమాడ్తరు మేడం? వాపస్ పోండ్రి, మళ్ల ఎప్పుడన్న పెట్టుకుందం," అన్నాడు. వెంటనే చిన్నగా నవ్వి, "లేకుంటె మీరే దిగుండ్రి. నేషనల్ ప్లేయరంట గద," అన్నాడు.

ఆయన వేళాకోళం ఆమెకు అర్థమైందో లేదో. "తొమ్మిది చాలు," అంది.

చాలలేదు. మొదటి సగంలోనే రెండు గోల్స్ తిన్నాం. మైదానం నడుమ నీళ్లు నిలిచి, అడుగు పెడితే పాదం జారిపోతోంది. మధ్యలో నేనొక్కదాన్నే. ఎటు పరుగెత్తినా ఇంకో వైపు ఖాళీ. విరామంలో బెంచీ దగ్గరికి వచ్చేసరికి మేడం టోపీ తీసి పక్కన పెట్టి, సంచిలోంచి సాగే బ్యాండేజీ గుడ్డ తీసి, ట్రాక్ ప్యాంటు మోకాలి పైకి మడుస్తోంది. ఆపరేషను మచ్చను అప్పుడే మొదటిసారి చూశాను. లావుగా, తెల్లగా, మోకాలి చిప్ప పక్కనుంచి కిందికి.

"కట్టు," అని గుడ్డ నా చేతికిచ్చింది.

గుడ్డ విప్పకుండానే పట్టుకున్నాను. "వద్దు మేడం. మస్తు బురదున్నది."

"డాక్టర్ ఆడొచ్చు చెప్పిండు."

"ఎప్పుడు?"

"మస్తు దినాలైంది. జపాన్‌ల."

"మరి ఎందుకు ఆడలే?"

ఆమె నా చేతిలోంచి గుడ్డ తీసుకుని తనే బిగించుకోసాగింది. రెండుసార్లు కట్టి విప్పి, మళ్లీ మొదలుపెట్టింది. "అప్పుడు టీమ్ లేకుండె," అంది. "తర్వాత ఫికర్. ఆడితే తెలుస్తది గద, మోకాలు పోయిందా, ఉందా. ఆడకపోతే తెల్వది. తెల్వకపోతే మంచిగుండె."

రెండో సగంలో ఆమె మైదానం నడుమకు నడుచుకుంటూ వచ్చి నిలబడింది. వాళ్ల కోచ్ నవ్వు ఆపేశాడు. నేనేం చేశానంటే, ఆమెకు బంతి ఇవ్వలేదు. రెండుసార్లు ఆమె చెయ్యెత్తి అడిగింది, రెండుసార్లూ నేను వేరేవైపు తన్నాను. బంతి ఆమె దగ్గరికి పోతే ఎవరో ఒకరు ఆమె మీదికి ఉరుకుతారు. అది నా వల్ల జరగకూడదు. మూడోసారి కూడా నేను తల తిప్పుకోగానే ఆమె నా మీద అరిచింది. ఇన్నాళ్లలో ఎన్నడూ అరవని మనిషి.

"నాకియ్యి! ఫికర్ నాది. నీది కాదు. బాల్ ఇయ్యి!"

ఇచ్చాను. ఆమె అప్పటికే భుజం మీదుగా వెనక్కి చూసి ఉంది. వాళ్ల జట్టు అమ్మాయి ఒకతె వెనకనుంచి దూసుకొస్తోంది. మేడం బంతిని ఎడమకాలితో తాకి, బరువంతా కుడికాలి మీద వేసి, ఒక్కసారిగా చుట్టూ తిరిగిపోయింది. ఏ మలుపులో ఆ మోకాలు తెగిందో సరిగ్గా ఆ మలుపే. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి వాళ్ల అమ్మాయి బురదలో ముందుకు జారిపోతోంది. మేడం అప్పటికే పరుగులో ఉంది. పరుగు! చిన్న చిన్న అడుగులు, నేలను తాకీ తాకనట్టు. నాలుగడుగులు వేసి బంతిని ఇద్దరి మధ్యనుంచి పంపింది. మా ముందున్న అమ్మాయి కాలు తగిలించింది అంతే, గోల్ అయింది. మేమెవరం గంతులు వెయ్యలేదు. అందరం మేడం మోకాలి వంకే చూస్తున్నాం.

ఆ తర్వాత వాళ్లు ఆమెను వదల్లేదు. ఆట ముగియబోతుండగా ఒక పొడుగాటి అమ్మాయి పక్కనుంచి బంతి కోసం కాలు చాచి జారింది. ఇద్దరూ కలిసి నీళ్లలో పడ్డారు. ఆ అమ్మాయి లేచింది. మేడం లేవలేదు. హద్దు గీత అవతల మోపెడ్‌కు ఆనుకుని ఉన్న బాపు అడ్డదారిన మైదానంలోకి ఉరికొచ్చాడు. మేం చుట్టూ మూగాం కానీ ఎవరం ముట్టుకోలేదు. ఆమె వెల్లకిలా పడుకుని ఆకాశం వైపు చూస్తోంది. కాసేపటికి కూర్చుంది. రెండు చేతులతో మోకాలు పట్టుకుని మెల్లగా వంచింది. చాపింది. మళ్లీ వంచింది. అదేదో తనది కానట్టు, పక్కవాళ్ల కాలిని పరీక్షిస్తున్నట్టు చూసుకుంది.

"లేవద్దమ్మా, ఆటో తెస్త," అన్నాడు బాపు.

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని లేచి, "ఆట అయిపోలే," అంది.

మ్యాచు ఓడిపోయాం. అదెవరికీ పట్టలేదు. చేతులు కడుక్కోవడానికి పోయిన మేడం ఎంతకీ రాకపోతే నేను వెతుక్కుంటూ పోయాను. పంపు వెనక గోడకు ఆనుకుని, బ్యాండేజీ విప్పిన మోకాలి మీద తల పెట్టుకుని ఏడుస్తోంది.

"నొప్పా మేడం? డాక్టర్ దగ్గరికి పోదామా?"

తల అడ్డంగా ఊపింది. "నొప్పి లేదు," అంది. ఊపిరి తిప్పుకుని మళ్లీ అంది, "అసలు నొప్పి లేదు. ఇన్నేండ్లు..." ఆ తర్వాతి మాటలు ఆమె భాషలో వచ్చాయి. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్కన కూర్చున్నాను.

ఇంటికి పోయే దారిలో బాపు మోపెడ్ నెమ్మదిగా నడిపాడు. "ఆమె పడ్డప్పుడు నా పానం గుంజింది," అన్నాడు. "నువ్వు పడితే నేనెట్ల చూస్తనో." ఇక ఆట మానిపిస్తాడనుకున్నాను. వీపు వెనక కూర్చుని ఆ మాట కోసం ఎదురుచూశాను. ఆయన ఆ మాట అనలేదు. ఇంటికి రాగానే అమ్మ నన్ను కొట్టం దగ్గరే ఆపి, కాళ్ల మీద బిందెడు నీళ్లు గుమ్మరించి, బురద పోయిన చోట పసుపు రాసింది. మధ్యాహ్నం ఆ పసుపు కాళ్లతోనే బోనం వెనక నడిచాను.

మరుసటి ఏడు మేడం భర్తకు బదిలీ అయింది. వెళ్లేముందు నన్ను రాష్ట్రం జూనియర్ జట్టు ఎంపికలకు తనే తీసుకుపోయింది. నేను ఎంపికయ్యాను. ఆ తర్వాత నాలుగైదేళ్లు రాష్ట్రానికి ఆడాను. దేశం జట్టు శిబిరం దాకా పోయి, చివరి జాబితాలో లేక వెనక్కొచ్చాను. అప్పుడు చాలా ఏడ్చాను. తర్వాత పీఈటీ శిక్షణ చేసి, ఆడపిల్లల బడిలో ఉద్యోగంలో చేరాను.

మేడం వెళ్లిన కొన్నాళ్లకు, నేనింకా రాష్ట్రానికి ఆడుతుండగా, ఇంటికి ఆమె ఫోను వచ్చింది. తెలుగు కొంచెం తుప్పు పట్టింది కానీ యాస పోలేదు.

"నేను ఆడుతున్న," అంది.

"ఎక్కడ మేడం?"

"మా ఊర్ల. చిన్న టీమ్. అందరికి నౌకరి ఉంది. ఒకామె కూరగాయలు అమ్ముతది. నేనే అందరికంటె పెద్ద. ప్రతి ఆదివారం మ్యాచ్."

ఆ రోజు సంతోషంతో ఎగిరాను. కానీ మరుసటి ఆదివారం నుంచి నాకు కొత్త బాధ మొదలైంది. ఆ దేశంలో ఇప్పుడు పొద్దునా, సాయంత్రమా, మైదానం తడిగా ఉందా, ఎవరైనా పక్కనుంచి జారుతూ వచ్చారా అని ఆలోచనలు. ఆదివారం ఫోను మోగితే ఎత్తడానికి భయపడేదాన్ని. ఫికర్ ఆమెది, నాది కాదని నాకు నేను చెప్పుకునేదాన్ని. కడుపు వినేది కాదు.

రెండు, మూడేళ్లు అట్లా గడిచాయి. ఏడాదికి ఒకటి, రెండుసార్లు ఫోను చేసేది. ఒక ఆదివారం మధ్యాహ్నం, అన్నం ముందు కూర్చున్నప్పుడు మోగింది. ఆమె గొంతే.

"ఆట బంద్ చేసిన," అంది, పలకరింపు కూడా లేకుండా.

నా చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది. "మోకాలా, మేడం?"

"కాదు కాదు." నవ్వుతోంది. "మోకాలు మంచిగున్నది. నేను ముసల్దాన్నైన. పిల్లలు జల్దీ ఉరుకుతరు. నాకు అందుతలేరు. గంతే."

"గంతేనా?"

"గంతే. ఇవ్వాళ ఆఖరి మ్యాచ్. మొత్తం ఆడిన. పూలు ఇచ్చిండ్రు."

ఆ సంతోషం నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఆమె కాలు విరిగి ఆగలేదు, జట్టు పోయి ఆగలేదు, భయపడి ఆగలేదు. అందరు ఆటగాళ్లలాగే వయసొచ్చి ఆగింది. ఫోను పెట్టేశాక అమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది.

"ఏమైందట జపానామెకు? మళ్ల కాలు ఇరిగిందా?"

"ఏం గాలేదమ్మా. ముసల్దైందట."

"అయ్యో, గంతేనా," అంది అమ్మ. నా పళ్లెంలో ఇంకో గరిటె పప్పు వేసి, అన్నం చల్లారుతోందని తినమంది.